చెయ్యా? కుండా?

శ్రావణ మాసం వస్తోందంటే ఊళ్లో అందరికీ సందడి, నాకు మాత్రం తలనొప్పి. మా సరుకు ఎక్కువగా అడిగేది ఆ నెలలోనే, వాన విడవకుండా పట్టేదీ ఆ నెలలోనే. పూతరేకుకూ వానకూ పడదు. ఎండాకాలంలో గలగలలాడే రేకు వానాకాలంలో కుండ మీద నుంచి తీస్తుండగానే చిరుగుతుంది. చిరగకుండా వచ్చినవాటిని చుట్టి, పెట్టెలో సర్ది పంపితే హైదరాబాదు చేరేసరికి ముద్దవుతాయి. ఆ ముద్దను ఫొటో తీసి కొట్టువాడు నా ఫోనుకు పంపుతాడు. పొద్దున్నే కాఫీతో పాటు అలాంటి ఫొటోలు మింగేవాడికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? మామూలు రోజుల్లో కూడా నాకు కోపం ఎక్కువేనని మా ఆవిడ అంటుంది. అది వేరే విషయం.

నా పేరు హరిబాబు. ఆత్రేయపురంలో కాలవ గట్టు పక్కన నాకొక పూతరేకుల షెడ్డు ఉంది. మూడు పొయ్యిలు, రేకులు వేసే ఆడవాళ్లు ముగ్గురు, ఆ రేకులకు నెయ్యీ పంచదార పొడీ పట్టించి చుట్టేవాళ్లు ఇంకొందరు. రేకు వేయడం చూడ్డానికి చాలా తేలిక. పొయ్యి మీద నున్నటి కుండ బోర్లించి కింద ఎండు కొబ్బరాకులు మండిస్తారు. నీళ్లలా జారే బియ్యప్పిండిలో పలచటి గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక్కసారి పరిచి తీస్తారు. కళ్లు మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. వీడియోలు తీసుకునే కుర్రాళ్లు వచ్చి చూసి, "ఇంతేనా అండి!" అంటారు. "కూర్చోండి, వేద్దురుగాని" అంటాను నేను. ఒక్కడూ రెండో రేకు దాకా వెళ్లలేదు.

ఈ పనిలో మా వాళ్లకు రెండు పట్టింపులున్నాయి. మొదటిది, ఒకరి కుండ ఇంకొకరు ముట్టుకోరు. బియ్యం, కొబ్బరాకులు, షెడ్డు నావే గాని కుండ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెడతారు. కట్టుకోవడానికి చీర అడిగితే ఇస్తారేమో గాని కుండ అడిగితే మొహం మాడ్చుకుంటారు. చెయ్యి మారితే కుండ పాడైపోతుందని వాళ్ల నమ్మకం. రెండోది, కొత్త బియ్యమైనా, కొత్త పిండైనా, ఏది మొదలుపెట్టినా మంచి చేత్తో మొదలుపెట్టాలి. మా షెడ్డులో మంచి చెయ్యి అంటే సూరమ్మక్కది. అరవై దాటిన మనిషి. ఆవిడ తీసిన రేకు అవతల చెయ్యి పెడితే చేతి గీతలు కనబడతాయి. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు, తెలియనివాళ్లకు ఆవిడే చెబుతుంది.

వానాకాలం గొడవ తప్పించుకోవడానికి రెండేళ్లుగా నేను చేయని ప్రయత్నం లేదు. బియ్యం మార్చాను. నానబెట్టే పద్ధతి మార్చాను. పిండి కాస్త చిక్కగా చేయించాను, కాస్త పలచగా చేయించాను. మార్చిన ప్రతిసారీ మొదటి రోజు సూరమ్మక్క పొయ్యి దగ్గర పెట్టించేవాణ్ణి. రేకులు అద్దాల్లా వచ్చేవి. హమ్మయ్య, దొరికింది అనుకుని మర్నాడు మూడు పొయ్యిలకూ అదే పిండి ఇచ్చేవాణ్ణి. సూరమ్మక్కవి బాగానే వచ్చేవి. వీరలక్ష్మివి అటూ ఇటూగా వచ్చేవి. చిట్టెమ్మ పక్కన మాత్రం చిరిగిన రేకుల గుట్ట లేచేది.

చిట్టెమ్మ మా షెడ్డుకు వచ్చి ఏడేళ్లయింది. ఆమె మొగుడు చిట్టియ్య కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు మీద నుంచి పడి నడుం పోగొట్టుకున్నాక, అంతవరకు పొలం పనులకు వెళ్లే మనిషి ఇక్కడికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. పొద్దున అందరికంటే ముందొస్తుంది, మాట్లాడదు, పొయ్యి దగ్గర నుంచి లేవదు. ఇంత కష్టపడే మనిషికి రేకు ఎందుకు రాదో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఏదో ఒక పేరు పెట్టాలి కదా! చిట్టెమ్మది మంచి చెయ్యి కాదన్నారు. ఎవరన్నారంటే ఏం చెప్పను, అందరూ అన్నారు. చివరికి చిట్టెమ్మ కూడా అదే మాట అనేది.

ఈ శ్రావణానికి ముందు హైదరాబాదు కొట్టువాడు ఫోన్ చేసి, "ఈసారి కూడా ముద్దలే వస్తే వేరేవాళ్లను చూసుకుంటామండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అలా మర్యాదగా అంటే నాకు ఇంకా మంట. ఆ మంటలో షెడ్డుకు వెళ్లేసరికి చిట్టెమ్మ పక్కన గుట్ట కనబడింది.

"చిట్టెమ్మా, రేపట్నుంచి నువ్వు పొయ్యి దగ్గర వద్దు. చుట్టేవాళ్లలో కూర్చో" అన్నాను.

ఆమె గుడ్డ పిండిలో వదిలేసి లేచి నిలబడింది. "అలా అనకండి హరిబాబు గారు. ఇంకా జాగ్రత్తగా వేస్తానండి."

"నిన్ను మానెయ్యమనట్లేదు కదా. కూలిలో తేడా రానివ్వను. చోటు మారమంటున్నానంతే."

"కూలి గురించి కాదండి. పొయ్యి దగ్గర్నుంచి లేపేశారంటే ఊళ్లో ఏమంటారండి? చేతకాని చెయ్యని ఇప్పటిదాకా నోటితోనే అన్నారు. ఇప్పుడు మీరు లేపేస్తే అది రాసిపెట్టినట్టే అవుద్ది. నాకీ ఒక్క పనే కదండీ, ఇదైనా వచ్చనిపించుకోవాలని..."

నాకు జాలేసింది. జాలేసినా మాట మార్చుకోలేదు. షెడ్డు నడిపేవాడికి ఒక్కోసారి తప్పదు.

ఇదంతా గుమ్మంలో నిలబడి మా అన్నయ్య కూతురు హారతి వింటోంది. విశాఖపట్నంలో ఒక రంగుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. సెలవు పెట్టి వచ్చి రెండు వారాలు మా ఇంట్లో ఉంది. గోడలకు వేసే రంగులు ఎండకూ వానకూ ఎంతవరకు నిలబడతాయో పరీక్షలు పెట్టడం దాని ఉద్యోగం.

"బాబాయ్, పిండి మార్చిన ప్రతిసారీ ముందు ఎవరి చేత వేయిస్తావు?" అంది.

"ఇంకెవరు, సూరమ్మక్క చేత. ఎప్పుడూ అంతే."

"ఎప్పుడూ ఆవిడ కుండ మీదే?"

"ఆవిడ కుండ మీద కాకపోతే మా అత్తగారి కుండ మీదా?"

అది నవ్వింది. దాని నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, మా అన్నయ్య నవ్వు అచ్చం అలాగే ఉంటుంది.

"అంటే రెండేళ్లుగా నువ్వు పిండిని పరీక్షించలేదు బాబాయ్. సూరమ్మత్తని పరీక్షిస్తున్నావు. ఆవిడ ప్రతిసారీ పాసవుతోంది. పిండి సంగతి నీకింకా తెలీదు."

"తర్వాత మిగతావాళ్లు కూడా వేస్తున్నారుగా!"

"వేస్తున్నారు. ఎవరి కుండ మీద వాళ్లు. చిట్టెమ్మత్త రేకు చిరిగితే అది చేతి వల్లా, కుండ వల్లా, పిండి వల్లా? మూడూ కలిసే ఉంటే నువ్వు ఒక్క చేతినే ఎలా పట్టుకుంటావు?"

అది ఆగలేదు.

"మా రంగు డబ్బా కొన్నవాడు ఎలాంటి గోడకి వేస్తాడో మాకు తెలీదు బాబాయ్. చెమ్మ గోడకి వేస్తాడు, సున్నం రాలే గోడకి వేస్తాడు. పాత మేస్త్రీ వేస్తాడు, నిన్న పనిలో చేరినవాడూ వేస్తాడు. ఎవరు ఎక్కడ వేసినా నిలబడాలి. అందుకని మంచి గోడ మీద మంచి మేస్త్రీతో వేయించి చూసుకుని మురిసిపోం. కావాలనే చెడ్డ గోడలు కూడా కలుపుతాం. నీకు వాన ఆగదు, ముగ్గురి చేతులూ ఒకలా ఉండవు, కుండలూ ఒకలా ఉండవు. ఇవన్నీ ఎలా ఉన్నా చిరగని పిండి నీకు కావాలి. దాన్ని వెతికే పద్ధతిది కాదు."

"మరి ఏంటి పద్ధతి?"

"మనుషులు ముగ్గురు, కుండలు మూడు. పిండి కూడా మూడు రకాలు చేద్దాం. ప్రతి మనిషీ ప్రతి కుండ మీదా వేయాలి, ప్రతి పిండితోనూ వేయాలి. అప్పుడు ఏది ఎవరి వల్లో విడివిడిగా తేలుతుంది. అంతవరకు చిట్టెమ్మత్తని లేపకు."

ప్రతి మనిషీ ప్రతి కుండ మీదా! ఆ మాట షెడ్డులో పడగానే మూడు పొయ్యిల దగ్గరా చేతులు ఆగిపోయాయి. సూరమ్మక్క గుడ్డ పిండి గిన్నె అంచున వేసి, కొంగుతో మెడ తుడుచుకుంది. అది మంచి గుర్తు కాదని నాకు తెలుసు.

"ఏంటమ్మా హారతీ, నా కుండ మీద ఇంకొకళ్లు గుడ్డ పరుస్తారా? నేను బతికుండగా?"

"ఒక్క నాలుగు రోజులు అత్తా."

"నాలుగు నిమిషాలు కూడా కుదరదు. మీ రంగుల కంపెనీలో మార్చుకోండి కుండలు."

నేను హారతికి కళ్లతో సైగ చేశాను, ఊరుకోమని. సూరమ్మక్క అలిగితే శ్రావణం నాకు ఆషాఢమవుతుంది. అది నా వైపే చూడలేదు. వెళ్లి ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"పోనీలే అత్తా. ఒక్కటి చెప్పండి. మీ రేకు అంత బాగా వస్తుందే, ఆ గొప్పతనం చేతిదా, కుండదా?"

"అదేం ప్రశ్నే! చేతిదే. కుండదేముంది, మట్టి. నలభై ఏళ్ల చెయ్యిది."

"అయితే ఏ కుండ మీద కూర్చోబెట్టినా మీ రేకు అలాగే రావాలి కదా?"

"వస్తుంది. ఎందుకు రాదు?"

"చిట్టెమ్మత్త కుండ మీద కూడా?"

"దాని కుండ మీదే కాదు, మీ ఇంట్లో నీళ్ల కుండ తెచ్చి బోర్లించినా..." అని ఆగిపోయింది. ఇరుక్కున్నానని అప్పుడు తెలిసింది ఆవిడకు. చుట్టేవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. వీరలక్ష్మి మొహం పొయ్యి వైపు తిప్పుకుంది గాని భుజాలు కదులుతున్నాయి. సూరమ్మక్క అందరి వైపూ ఒకసారి చూసి, "సరే, పెట్టండి. నాకేం భయం?" అంది.

పిండి మూడు రకాలు చేయించాం. ఒకటి పాత బియ్యంది, ఒకటి కొత్త బియ్యంది, ఒకటి రెండూ కలిపి నానబెట్టింది. మూడోది నాకు ఇష్టం లేదు. రెండు రకాల బియ్యం కలిపారని ఊళ్లో తెలిస్తే కల్తీ అంటారని నా బాధ. ఎవరు ముందు ఏ కుండ దగ్గర ఏ పిండితో కూర్చోవాలో హారతి చీటీలు వేసి తీయించింది. ఇక్కడ కూడా నేను ముందు సూరమ్మక్క పేరు రాయబోయాను. అలవాటు! హారతి కాగితం లాక్కుంది.

ఎవరి రేకులు ఎవరివో తెలియకుండా పళ్లాలకు రంగు దారాలు కట్టింది. చిరిగినవీ బాగున్నవీ ఏరేది చుట్టేవాళ్లు. ఏ దారం ఎవరిదో వాళ్లకు చెప్పలేదు. చెబితే సూరమ్మక్క పళ్లెంలో చిరిగిన రేకు కూడా బాగున్నదైపోతుందని దాని అనుమానం. ఆ అనుమానం తప్పని నేను అనలేను.

మొదటి రోజు వాన గట్టిగా పడుతోంది. చీటీ ప్రకారం చిట్టెమ్మకు సూరమ్మక్క కుండ వచ్చింది, సూరమ్మక్కకు వీరలక్ష్మి కుండ, వీరలక్ష్మికి చిట్టెమ్మ కుండ. చిట్టెమ్మ ఆ కుండ ముందు కూర్చోలేదు, నిలబడే ఉంది. చేతులు రెండుసార్లు కడుక్కుంది. తర్వాత కుండకు దణ్ణం పెట్టుకుని, సూరమ్మక్క వైపు చూసి, "వెయ్యనా పెద్దమ్మా?" అంది. సూరమ్మక్క తల కూడా తిప్పలేదు. మొదటి రేకు చిట్టెమ్మ చేతిలో రెండు ముక్కలైంది. పరాయి కుండ మీద ఎవరికైనా మొదట అంతే. రెండోది అంచు దగ్గర చిరిగింది. ఆ తర్వాత నేను పక్కకెళ్లి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి ఆమె తల వంచుకుని వేసుకుంటూ పోతోంది, పక్కన రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటున్నాయి. చిరిగిన గుట్ట కోసం వెతికాను. నాలుగు ముక్కలున్నాయంతే.

గుట్ట వీరలక్ష్మి పక్కన ఉంది. "నాకేమైందో తెలీట్లేదండి, ఇవాళ చేతికి ఏదో అయింది" అని ఆమె ఒకటే గోల.

మర్నాడు చిట్టెమ్మ కుండ సూరమ్మక్కకు వచ్చింది. ఆవిడ తల స్నానం చేసి, పెద్ద బొట్టు పెట్టుకుని వచ్చింది. షెడ్డులో ఎవరూ పైకి చూడటం లేదు గాని అందరూ చూస్తున్నారు. గుడ్డ పరిచింది, తీసింది. రేకు ఎడమ వైపు బాగా లేచింది, కుడి వైపు కుండకు అతుక్కుని చిరిగింది. ఇంకోటి వేసింది. అదీ అంతే. మంట ఎక్కువైందంది. ఆకులు తగ్గించారు. ఇప్పుడు ఎడమ వైపు తడి తడిగా వచ్చింది. ఆకులు తడిశాయంది, పిండి పులిసిందంది, చివరికి హారతి కళ్లు మంచివి కావంది. హారతి అవతలికెళ్లి నిలబడింది. గంట తర్వాత సూరమ్మక్క పక్కన చిరిగిన గుట్ట లేచింది. నా షెడ్డులో ఆవిడ పక్కన అలాంటి గుట్ట నేనెప్పుడూ చూడలేదు.

"ఇది వాన వల్ల" అంది ఆవిడ లేస్తూ. "వాన వెలిశాక పెట్టు, చూపిస్తాను."

"తప్పకుండా పెడదాం అత్తా. పొడి రోజున కూడా చూడాలి, అదీ నా లెక్కలో ఉంది" అంది హారతి.

మూడో రోజుకు మిగిలిన మార్పులన్నీ అయ్యాయి. ఆ తర్వాత రెండు రోజులకు ఎండ కాసింది. హారతి అంతా మొదటి నుంచి మళ్లీ చేయించింది. నాకు విసుగొచ్చి, "అయింది కదే, ఇంకా ఎందుకు?" అన్నాను. "వానలో వచ్చిన జవాబు ఎండలో మారిపోతే నీకేం లాభం బాబాయ్?" అంది. మారలేదు. ఎండలో అందరివీ కాస్త మెరుగయ్యాయంతే. చిట్టెమ్మ కుండ ఎవరి ముందుంటే వాళ్ల పక్కన గుట్ట లేచింది, అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

పిండి సంగతి కూడా తేలింది. నేను చివరికి నమ్ముకున్న పాత బియ్యం పిండి సూరమ్మక్క కుండ మీద మహారాజులా వచ్చింది, మిగతా రెండు కుండల మీదా వాన పడితే చతికిలబడింది. కలిపిన పిండి రేకు ఏ కుండ మీదా అద్దంలా రాలేదు. కాని ఎక్కడా పరువు తీయలేదు. వానలో, ఎండలో, ఎవరి చేతిలోనైనా, చివరికి ఆ చిట్టెమ్మ కుండ మీద కూడా మిగతావాటికంటే తక్కువ చిరిగింది. ఆ పిండి రేకులను చుట్టించి పెట్టెల్లో పెట్టి, బ్యారేజీ మీదుగా రాజమండ్రి వెళ్లొచ్చే ఆటోలో వేసి రెండు రోజులు తిప్పించింది హారతి. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లకు ఆ పరీక్ష ఎంత కఠినమో తెలుస్తుంది. పెట్టెలు విప్పితే రేకు రేకులానే ఉంది. సూరమ్మక్క ఒకటి తీసి చూసి, "కొంచెం దళసరి" అని పెదవి విరిచింది. దళసరే. కాని హైదరాబాదు చేరుతుంది, నాకది చాలు.

ఆ సాయంత్రం పొయ్యిలు ఆర్పి కుండలు చల్లారాక హారతి చిట్టెమ్మ కుండను తిరగేసింది. లోపల చెయ్యి పెట్టి తడిమి, నా చెయ్యి కూడా పెట్టించింది. కుడి పక్క గోడ వేలెడు మందం ఉంది, ఎడమ పక్క అందులో సగం కూడా లేదు. పైకి చూస్తే ఎంత నున్నగా, ఎంత గుండ్రంగా ఉందో! ఒక పక్క తొందరగా కాలుతుంటే ఇంకో పక్క కాలదు. అలాంటిదాని మీద రేకు ఎలా లేస్తుంది?

"ఎప్పటి కుండ చిట్టెమ్మా ఇది?" అన్నాను.

"ఈ పనిలోకొచ్చినప్పుడు కొన్నదేనండి. ఇదొక్కటే."

ఏడేళ్లుగా ఒక్కటే. మిగతావాళ్ల కుండలు రెండేళ్లకో మూడేళ్లకో పగులుతాయి, కొత్తవి కొంటారు. చిట్టెమ్మ పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంది, అందుకని అది పగల్లేదు. పగిలి ఉంటే ఎప్పుడో ఈమె బాధ తీరేది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, కుండ చేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

"చిట్టెమ్మా, నువ్వు పొయ్యి దగ్గరే ఉంటావు. రేపు నీకు కొత్త కుండ తెప్పిస్తాను. లోపల చెయ్యి పెట్టి చూసి మరీ తెప్పిస్తాను" అన్నాను.

"ఆయ్" అంది ఆమె. మొహంలో సంతోషం కనబడలేదు. "అమ్మా హారతీ, మరి నా చెయ్యి సంగతి ఏం తేలింది?"

"చేతికీ చేతికీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు అత్తా."

"అలా కాదమ్మా. నాకర్థమయ్యేలా చెప్పు. మంచిదా, కాదా?"

హారతి నోరు తెరిచేలోగా సూరమ్మక్క లేచి వచ్చింది. ఆ రోజులన్నీ ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వచ్చి ఆ కుండలో చెయ్యి పెట్టింది. అటు తడిమింది, ఇటు తడిమింది. చాలాసేపు చెయ్యి తీయలేదు.

"దీని మీద నేను పొద్దంతా కూర్చుంటే గుప్పెడు రేకులు రాలేదే" అంది. "నువ్వు ఏడేళ్లు దీని మీద రోజూ ఎలా తీశావే అన్ని? నా వల్ల కాదు. నలభై ఏళ్ల చెయ్యి, నా వల్లే కాలేదు."

అందరూ విన్నారు. సూరమ్మక్క నోటి నుంచి తన వల్ల కాదన్న మాట మేమెవరం విని ఎరగం. చిట్టెమ్మ అరుగు మీద కూలబడి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కోపంగా ఉంది. ఆమెకు కోపం వస్తుందని కూడా నాకు తెలీదు.

"నా కూతురు అడిగిందండి" అంది, నాతోనో హారతితోనో. "ఇంటర్ అయ్యాక, అమ్మా నేనూ నీ పక్కన కూర్చుంటాను, నేర్పవే అని అడిగింది. చెయ్యి పట్టుకునే కదండీ నేర్పాలి. నా చెయ్యి దానికి అంటుకుంటుందని దగ్గరికి రానివ్వలేదు. గుడ్డ ముట్టుకుంటే ఒకసారి కొట్టాను కూడా."

ఆ పిల్ల హేమశ్రీ రావులపాలెంలో బట్టల షోరూములో పనిచేస్తుందని తెలుసు గాని ఎందుకు వెళ్లిందో నేనెప్పుడూ అడగలేదు.

చిట్టెమ్మ బొడ్లోంచి ఫోన్ తీసింది. చేతులకు ఇంకా పిండి ఉంది. వేలితో నొక్కి, స్పీకర్ పెట్టి, ఒళ్లో పెట్టుకుంది. అవతల షోరూము రొద వినబడింది.

"ఏంటమ్మా, ఈ టైములో చేశావు? నాన్నకి బానే ఉందా?"

"బానే ఉందే. నీకు రేకు వెయ్యడం నేర్పుతాను. ఆదివారం రా."

"ఇప్పుడెందుకమ్మా నాకు? ఇక్కడ బానే ఉంది కదా."

"ఉద్యోగం మానెయ్యమన్నానా? ఒక్కసారి నా ముందు కూర్చో. చెయ్యి పట్టుకుని నాలుగు రేకులు వేయిస్తాను."

హేమశ్రీ షోరూములోంచి బయటికొచ్చినట్టుంది, రొద తగ్గింది.

"అప్పుడు నేనడిగితే నువ్వే కదమ్మా పొయ్యి దగ్గరికి రానివ్వలేదు" అంది హేమశ్రీ.

"రానివ్వలేదు. నా చెయ్యి మంచిది కాదనుకున్నాను" అంది చిట్టెమ్మ. "మంచిదేనంట. ఆదివారం రా."